ఇంజిన్ ఎవరి చేతికి ఇవ్వాలి?

రెండు సీట్ల అల్యూమినియం విమానాన్ని ఇంటి షెడ్డులో కట్టుకోవడం మొదలుపెట్టి నాలుగేళ్లు దాటింది. ఇంతకాలంలో నేను కొట్టిన ప్రతి రివెట్టునూ ఇప్పటికీ చూసుకోగలను. నచ్చకపోతే డ్రిల్లుతో తీసేసి మరొకటి కొట్టగలను. ఇంజిన్ విషయంలో ఆ వెసులుబాటు లేదు. ఇంజిన్‌కు బయటి పెట్టె లాంటి క్రాంక్‌కేసు రెండు సగాలనూ కలిపి బోల్టులు బిగించాక లోపల ఏముందో బిగించిన మనిషికి తప్ప ఇంకెవరికీ తెలియదు. నేను కొన్నది లైకమింగ్ ఓ-320, నాలుగు సిలిండర్లతో 160 హార్స్‌పవర్ ఇచ్చే రకం. ఈ ఇంజిన్‌ను 2000 గంటలకో 12 ఏళ్లకో, ఏది ముందైతే అప్పుడు, పూర్తిగా విప్పి ఓవర్‌హాల్ చేయించమని తయారీదారు చెబుతాడు. నా చేతికి వచ్చేనాటికి నా ఇంజిన్‌కు ఆ రెండూ దాటిపోయాయి. దాన్ని విప్పి, కొలిచి, తిరిగి బిగించే మనిషిని ఎంచుకోవడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది.

అమెరికాలో ప్రయోగాత్మక కోవలో నమోదయ్యే సొంత విమానానికి ఇంజిన్‌ను లైసెన్సున్న మెకానికే బిగించాలన్న నిబంధన లేదు. ఎవరైనా బిగించవచ్చు, నేనైనా సరే. చాలామంది దీన్ని స్వేచ్ఛగా చూస్తారు గాని, నాకది భారంగానే తోచింది, ఎందుకంటే చట్టం చేయాల్సిన వడపోత కూడా మన నెత్తిమీదే పడుతుంది. ఆ మాటకొస్తే 1903లో రైట్ సోదరులకు ఇంజిన్ చేసిపెట్టిన చార్లీ టేలర్ దగ్గర మాత్రం ఏ లైసెన్సు ఉంది? ఆయన ఆరు వారాల్లో చేసిన ఆ ఇంజిన్‌కు పరీక్షల్లోనే క్రాంక్‌కేసు పగిలితే, మళ్లీ పోత పోయించి మరొకటి చేశారు. అయితే టేలర్ పనిచేసింది వాళ్ల దుకాణంలోనే, వాళ్ల కళ్లెదుటే. మనకు అలా కుదరదు కాబట్టి మనం లేని సమయంలో ఆ మనిషి ఎలా పనిచేస్తాడో ముందే అంచనా వేసుకోవాలి.

అన్నిటికన్నా ముందు మాటల అర్థం తేల్చుకోవాలి. ‘జీరో టైమ్’ అన్నమాట నాకు ఒకటికి రెండుచోట్ల వినబడింది. అమెరికా నిబంధనల ప్రకారం పాత గంటలను చెరిపేసి సున్నా నుంచి కొత్త లాగ్‌బుక్ మొదలుపెట్టే అధికారం ఇంజిన్ తయారీదారుకూ, ఆ తయారీదారు ఆమోదించిన సంస్థకూ మాత్రమే ఉంది. మిగిలినవాళ్లు చేసేది ఓవర్‌హాల్, అందులో కూడా రెండు స్థాయిలు ఉన్నాయి. ప్రతి భాగాన్నీ కొత్త ఇంజిన్‌కు ఉండాల్సిన కొలతల్లోకి తేవడం ఒకటి. అరుగుదల ఇంకా అనుమతించిన హద్దులోనే ఉంటే ఆ భాగాన్ని అలాగే తిరిగి వేసెయ్యడం రెండోది. రెండోది మోసమేమీ కాదు, తయారీదారు పట్టికలోనే ఆ సర్వీసు హద్దులు ఉన్నాయి. కానీ ఇవాళ హద్దుకు ఒక్క వెయ్యో వంతు అంగుళం లోపల ఉన్న భాగం ఇంకో 2000 గంటలు నడిచాక ఎక్కడ ఉంటుందో చెప్పనక్కరలేదు. మొదటిదనుకుని రెండోదానికి డబ్బు కట్టేవాళ్లే ఎక్కువ.

నేను వెళ్లిన మొదటి వర్క్‌షాపు నన్ను బాగా ఆకట్టుకుంది. నేల అద్దంలా ఉంది, గోడ పొడవునా రంగు వేసిన ఇంజిన్లు స్టాండ్ల మీద వరుసగా ఉన్నాయి, టెస్ట్ స్టాండు మీద ఎంత పవర్ వచ్చిందో చూపించే గ్రాఫులు ఫ్రేములు కట్టి వేలాడదీశారు. ఏదైనా ఒక ఇంజిన్ కొలతల కాగితం చూపించమని అడిగాను. బేరింగులు, వాటిలో తిరిగే జర్నల్స్, వాల్వు గైడ్లు అన్నిటికీ ఎదురుగా ఒకే రకం టిక్కు, పక్కన ‘సరి’ అన్న మాట ఉన్నాయి. అంకె ఒక్కటి కూడా లేదు. కొలిచినవాడు అంకె రాస్తాడు, టిక్కు పెట్టినవాడు కొలిచాడో లేదో మనకెలా తెలుస్తుంది? అక్కడివాళ్లు నిజంగానే మంచి పనివాళ్లు అయి ఉండవచ్చు. నాకు మాత్రం మళ్లీ వెళ్లబుద్ధి కాలేదు.

రెండోది చిన్న షెడ్డు, ఇద్దరే మనుషులు. నేను వెళ్లేసరికి పెద్దాయన క్రాంక్‌కేసు సగాన్ని బల్ల మీద పెట్టుకుని, అంచుకు పూసిన పల్చటి సీలెంట్ మీద సన్నని పట్టుదారం పరుస్తున్నారు. ఈ రెండు సగాల మధ్య గ్యాస్కెట్ ఉండదు, ఆయిల్‌ను ఆపేది ఆ దారమే. దానికి బదులు సీలెంట్‌ను మందంగా పూస్తే సగాలు ఒకదానిమీద ఒకటి పూర్తిగా కూర్చోవు, కొన్నాళ్లకు బోల్టుల బిగువు తగ్గుతుంది, బేరింగు తన చోటునుంచి కదలడం మొదలవుతుంది. దారం ఒకచోట జారి బోల్టు రంధ్రం అంచు మీదికి వచ్చింది. ఆయన దాన్ని సర్దలేదు. మొత్తం దారం తీసేసి, అంచంతా సాల్వెంట్‌తో తుడిచి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టారు.

పని అయ్యాక డ్రాయరులోంచి ఒక ట్యాపెట్, అంటే కామ్‌షాఫ్ట్ తోపును వాల్వుకు చేరవేసే చిన్న భాగం, తీసి నా చేతిలో పెట్టి, దాని ముఖం మీద గోరుతో గీకి చూడమన్నారు. ఆవగింజలో సగం కూడా లేని గుంటలు గోటికి తగిలాయి. ఈ ఇంజిన్లలో వాల్వులను తెరిపించే కామ్‌షాఫ్ట్, ప్రొపెల్లర్‌ను తిప్పే క్రాంక్‌షాఫ్ట్‌కు పైన ఉంటుంది. ఇంజిన్ ఆపి ఉంచితే ఆయిల్ కిందికి కారిపోయి, కామ్‌షాఫ్ట్ తడి ఆరిపోయి, గాలిలో చెమ్మకు తుప్పు పడుతుంది. ఆ తుప్పు గుంటలై కామ్‌ను తినేస్తుంది. పైగా క్రాంక్‌కేసు విడదీయకుండా ఆ ట్యాపెట్‌ను బయటికి తీయడమే కుదరదు. ఇదంతా చెప్పి, “మీ విమానం ఎంతవరకు వచ్చిందండీ?” అని అడిగారు. వైరింగు, ఇంజిన్‌ను కప్పే కౌలింగు, రంగు మిగిలాయని, ఏడాదిన్నర పట్టవచ్చని చెప్పాను. “అయితే ఇంజిన్ ఇప్పుడే తేకండి. విప్పని పాతదాన్నే తగిలించుకుని మౌంటు, కౌలింగు, సిలిండర్లకు గాలి మళ్లించే బాఫిల్సు అమర్చుకోండి. ఎగరడానికి ఇంకా మూణ్నాలుగు నెలలుందనగా తీసుకురండి,” అన్నారు. చేతికందిన పనిని తనంతట తానే ఏడాదికి పైగా వాయిదా వేసిన మనిషి నాకు ఆ వెతుకులాట మొత్తంలో ఆయనొక్కరే.

ఆ తర్వాత అడిగినవన్నీ దాదాపు లాంఛనమే, అయినా అడిగాను. ఏ వర్క్‌షాపూ అన్ని పనులూ తానే చేసుకోదు. క్రాంక్‌షాఫ్ట్ గ్రైండింగు, క్రాంక్‌కేసు పగుళ్లకు వెల్డింగు, స్పార్కు ఇచ్చే మాగ్నెటోలు, కార్బురేటరు బయటికి వెళ్తాయి. ఏది ఎవరి దగ్గరికి పంపుతారో ఆయన తడుముకోకుండా చెప్పారు. ఉక్కు భాగాలను అయస్కాంత పరీక్షకు, అల్యూమినియం భాగాలను మెరిసే రంగు ద్రవంతో చేసే పరీక్షకు పంపి, ఆ కాగితాలు నాకే ఇస్తామన్నారు. ప్రతి కొలతకూ విప్పినప్పటి అంకె, బిగించినప్పటి అంకె, పక్కనే అనుమతించిన హద్దు రాస్తారు. తీసిపారేసిన భాగాలన్నీ సంచిలో వేసి వాపసు ఇస్తారు. నా మట్టుకు ఆ సంచి గ్యారంటీ కాగితం కన్నా ఎక్కువ విలువైనది.

ఆయన దగ్గర ఇంజిన్ చేయించుకుని 500 గంటలు దాటినవాళ్లతోనే మాట్లాడాను. పది గంటల ఇంజిన్ ఎవరు బిగించినా బాగానే ఉంటుంది. వాళ్లలో ఒకరికి మొదట్లోనే ఒక సిలిండరు అడుగున ఆయిల్ కారిందట. ఈయన వచ్చి చూసి, సీలు మెలిపడేలా వేసింది తానేనని ఒప్పుకుని, రెండోరోజు సరిచేసి వెళ్లారట. ఆ మాట విన్నాక ఇంకెవరికీ ఫోను చేయలేదు.

మొదటి గంటల గురించి కూడా ఆయనకు స్పష్టత ఉంది. కొత్త పిస్టన్ రింగులు సిలిండరు గోడకు సరిగ్గా కూర్చోవాలంటే మినరల్ ఆయిల్ పోసి, 65 నుంచి 75 శాతం పవర్‌తో ఎగరాలి. సొంత విమానాలు కట్టేవాళ్లం సరదాకొద్దీ గంటలకొద్దీ టాక్సీ చేస్తుంటాం, అంటే విమానాన్ని ఎగరకుండా నేలమీదే నడుపుతుంటాం. ఆ తక్కువ పవర్, ఆ వేడి కలిసి సిలిండరు గోడలను గాజులా చేసేస్తాయి, ఇక రింగులు పట్టవు. అందుకే తన స్టాండు మీదే ఇంజిన్‌ను నడిపి ఉష్ణోగ్రతలు రాసి ఇస్తానని, బ్రేకులూ స్టీరింగూ చూసుకునే టాక్సీలన్నీ ఇంజిన్‌ను ఓవర్‌హాల్‌కు ఇవ్వకముందే ముగించుకోమని చెప్పారు.

పాత ఇంజిన్‌ను పోయినవారమే ముక్కుకు తగిలించాను. కుడివైపు బాఫిల్ అట్టముక్క మీద గీసి కత్తిరించడం అయింది, రేకు ఇంకా కొయ్యలేదు. ఆయన డైరీలో నా పేరు వచ్చే ఏడాది ఒక నెల పక్కన పెన్సిల్‌తో రాసి ఉంది.