శ్రీశైలం బస్సు ఆగని చోట దిగాం

మా మామయ్య ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరయ్యారు. దేవరకొండ డిపో. శ్రీశైలం రూటు మీద ఎన్నేళ్లు బండి నడిపారో ఆయనకే లెక్క లేదు. మన్ననూరు నుంచి దోమలపెంట దాకా ఏ మలుపులో గేరు మార్చాలో, ఎక్కడ కొండముచ్చులు రోడ్డెక్కుతాయో నిద్రలో లేపి అడిగినా చెప్తారు. కానీ ఆ రోడ్డు దిగి అడవిలో కాలు పెట్టింది లేదు. డ్యూటీలో ఉన్న మనిషి ఎక్కడంటే అక్కడ బండి ఆపుతాడా? డిసెంబరు సెలవులకు పిల్లలు సూర్యలంక బీచ్ అని పట్టుబట్టి కూర్చుంటే ఆయన మెల్లగా నాతో అన్నారు: "ఈసారి నల్లమలకు పోదాం బిడ్డా. గుడికి కాదు, ఉత్త అడవికే." నోరు తెరిచి ఏదీ అడగని మనిషి. ఇంకేం ఆలోచించలేదు.

నల్లగొండలో చీకటితోనే బయల్దేరాం. కొండమల్లేపల్లి, దేవరకొండ, డిండి. అక్కడ శ్రీశైలం హైవే ఎక్కి హాజీపూర్ మీదుగా మన్ననూరు. చెక్‌పోస్టు దగ్గర ప్లాస్టిక్ సీసాలు ఉన్నాయా అని బండిలోకి తొంగి చూశారు. మావన్నీ స్టీలు సీసాలే. అత్తమ్మ తపాలచెక్కలు, పులిహోర కూడా స్టీలు డబ్బాల్లోనే సర్దింది.

ఆ గేటు దాటితే అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. ఒకప్పుడు నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్ అని కృష్ణకు ఇటూ అటూ ఒకటే ఉండేది. రాష్ట్రం విడిపోయాక ఇటువైపు అడవికి ఈ పేరొచ్చింది. 2,600 చదరపు కిలోమీటర్ల పైమాటే. ఎక్కువ భాగం నాగర్‌కర్నూల్ జిల్లాది, కొంత మన నల్లగొండది. మా బడిలో ఈ మాట చెప్తే పిల్లలు కళ్లు పెద్దవి చేసి "మన జిల్లాలో పులులా టీచర్!" అంటారు. వాళ్లకు చూపించాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

ఫరహాబాద్ దగ్గర కారు పెట్టి అటవీశాఖ జీపు ఎక్కాం. మా వెంట వచ్చిన గైడు ఒక చెంచు అబ్బాయి. అతని చూపు మన చూపు కాదు. జీపు పోతుండగానే "ఆపు ఆపు" అని కిందికి దూకి, మట్టిదారి పక్కన ఒక అడుగు ముద్ర చుట్టూ పుల్లతో గీత గీశాడు. మమ్మల్ని జీపులోంచే చూడమన్నాడు. వెనక మెత్త, ముందు నాలుగు వేళ్లు. "గోళ్ల గుర్తు ఉన్నదా చూడు తమ్మీ" అని మావాణ్ణి అడిగాడు. లేదు. కుక్కదైతే గోళ్లు మట్టిలో దిగుతాయి, పులి జాతివి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి. "పులేనా అన్నా?" అన్నాడు మావాడు ఊపిరి బిగపట్టి. "చిరుత. పులిదైతే ఇంకా పెద్దగుంటది. అంచులు రాలలేదు సూడు, రాత్రి పోయినట్టున్నది." మేం పడుకున్న రాత్రి అది ఈ దారిన నడిచిందని తలుచుకుంటే ఒళ్లు జలదరించింది.

ఇంకాస్త ముందుకు పోతే ఒక చెదపుట్ట సగం తవ్వేసి ఉంది. ఎలుగుబంటి పని అట. పుట్టను చీల్చి, మూతి పెట్టి చెదపురుగుల్ని గట్టిగా పీల్చుకుంటుంది. చెట్లకు కట్టిన కెమెరాలు చూపించాడు. దారికి అటొకటి, ఇటొకటి. ఏ రెండు పులుల చారలూ ఒకలా ఉండవు, ఎడమ చారలు, కుడి చారలు కూడా వేరే. అందుకే రెండు పక్కలా ఫొటో తీస్తేనే ఏది ఏ పులో తేలుతుంది. మా పాప ఆ కెమెరా ముందు నిలబడి చెయ్యి ఊపుతానని ఒకటే పేచీ.

వ్యూ పాయింట్ దగ్గర మామయ్య చాలాసేపు నిలబడ్డారు. కింద లోయంతా చెట్లే. "మన రోడ్డు ఎటు ఉన్నది తమ్మీ?" అని అడిగారు. అతను చెయ్యి చాపాడు. ఆ దిక్కున ఆకు తప్ప ఏమీ కనబడలేదు.

కూర్చున్నాక తేనె సంగతి చెప్పాడు. పెద్ద తేనెపట్లు కొండచరియల కింద ఉంటాయి. మనిషి తాడు మీద వేలాడుతూ కోయాలి. పైన తాడు పట్టుకునేది మాత్రం బావమరిది. సొంత అన్నదమ్ముల కంటే వాడి మీదే నమ్మకం. తన అక్క పసుపుకుంకుమలు ఆ తాడుకే వేలాడుతున్నాయి కదా, ఎట్లా వదులుతాడు! ఇది విన్నప్పటి నుంచి మా ఆయన మా తమ్ముణ్ణి మరీ మర్యాదగా చూస్తున్నారు.

వటవర్లపల్లి దగ్గర భోజనాలు. అక్కణ్ణుంచి పక్కకు తిరిగితే మల్లెలతీర్థం. మెట్లు మూడువందలకు పైనే. అత్తమ్మ పైనే కూర్చుంది. ఈ నెలలో ధార సన్నబడింది గానీ నీళ్లు ఐసే. సాయంత్రం దోమలపెంటకు ముందు ఆక్టోపస్ వ్యూ పాయింట్. కొండల సందుల్లో నలువైపులా చేతులు చాచిన కృష్ణ. శ్రీశైలం డ్యాం నిండుమట్టం 885 అడుగులు. ఆ మట్టం కోసం ఇటు పాత మహబూబ్‌నగర్‌లో, అటు కర్నూలులో ఎన్నో ఊళ్లు మునిగాయి. మునిగే కూడవెల్లి గుడిని రాయి రాయి విప్పి తీసుకొచ్చి అలంపూర్‌లో నిలబెట్టారు. పిల్లలు సముద్రం సంగతే మరిచిపోయారు.

ఈ అడవి కింద యురేనియం ఉందని తవ్వకాల మాట వచ్చినప్పుడు చెంచులూ, అమ్రాబాద్ ఊళ్లూ ఒక్కటై నిలబడ్డారు. 2019 సెప్టెంబరులో తవ్వకాలు వద్దని తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. అంతకుముందు మా వైపు లంబాపూర్, పెద్దగట్టు జనం కూడా ఇదే భయంతో కొట్లాడారు. నాకు అప్పుడూ బాధగానే ఉండేది. ఇప్పుడు ఆ చెదపుట్టా, ఆ అడుగు ముద్రా కళ్లారా చూశాక, మళ్లీ ఎవరైనా ఆ మాటెత్తితే నేను ఇంట్లో కూర్చోను.

తిరుగుదారిలో ఒక కారు ఆపి, అద్దం దించి కోతులకు అరటిపండ్లు విసురుతున్నారు. మామయ్య మా బండి ఆపించి దిగి, వాళ్లకు దండం పెట్టి మరీ చెప్పారు: "పుణ్యమనుకుంటున్నరు గానీ నాయినా, తిండికి అలవాటుపడి రోడ్డు మీదికొస్తయి. మలుపుల బండ్ల కింద పడి సస్తయి. నేను నా కండ్లతోటి సూసిన." వాళ్లు పండ్లు సంచిలో పెట్టుకున్నారు.

రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేట్లు వేయడం కూడా అందుకే. అడవి జంతువులకు ఆ కాస్త వేళైనా రోడ్డు దాటే వీలుండాలి. నల్లగొండ నుంచి వెళ్లేవాళ్లు పెట్రోలు దేవరకొండలోనే పోయించుకోండి, సఫారీ ముందే బుక్ చేసుకోండి, పొద్దున గేటు తీసే వేళకు మన్ననూరులో ఉండండి. లోపల హారన్ కొట్టొద్దు, నలభై దాటొద్దు. ఆ రోడ్డు మీద జీవితమంతా బస్సు నడిపిన మనిషి చెప్పమన్న మాట ఇది.