పోర్ట్స్‌మత్‌లో ఒక శనివారం

లండన్ వాటర్లూలో రైలెక్కి, పోర్ట్స్‌మత్ హార్బర్ దాకా వెళ్లకుండా ముందే ఫ్రాటన్‌లో దిగాను. ఇంగ్లండ్ దక్షిణ తీరాన పోర్ట్‌సీ అనే దీవి మీద కట్టిన ఊరిది. తరతరాలుగా నావికులదీ, డాక్‌యార్డు కార్మికులదీ. నీలం కండువాల జనం వెంట నడిస్తే ఫ్రాగ్‌మోర్ రోడ్డు వచ్చింది. ఆ ఇరుకు వీధి చివరే పోర్ట్స్‌మత్ ఫుట్‌బాల్ క్లబ్బు స్టేడియం, ఫ్రాటన్ పార్క్.

మ్యాచ్ టికెట్ కొన్నాను గానీ, నన్ను ఇక్కడికి లాక్కొచ్చింది 1948-49 సీజన్. ఎన్నాళ్లుగానో చదువుతున్నాను దాని గురించి. 1941 జనవరి 10 రాత్రి జర్మన్ బాంబులకు ఈ ఊరి గిల్డ్‌హాల్ (నగర సభా భవనం) లోపలంతా కాలిపోయింది. 1959 దాకా మళ్లీ తెరుచుకోలేదు. ఆ శిథిలం అలా నిలబడి ఉండగానే ఊరి జట్టు ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్ ఛాంపియన్ అయింది! అదీ క్లబ్బు పుట్టిన యాభై ఏళ్లకు.

సౌత్ స్టాండ్‌లో కూర్చున్నాను. 1925లో కట్టింది, కాళ్లు చాపుకునే చోటు లేదు. పక్క సీటు పెద్దాయనతో మాట కలిపి ఆ జట్టు ఆటగాడు డికిన్సన్ పేరెత్తానో లేదో, ఆయన మ్యాచ్ సంగతే మరిచిపోయాడు. జిమ్మీ డికిన్సన్ ఈ ఒక్క క్లబ్బుకే 764 లీగ్ మ్యాచ్‌లు ఆడాడు. తప్పుగా ఆడాడని ఒక్కసారి కూడా రిఫరీ అతని పేరు రాసుకోలేదు. అతని జోడీ జిమ్మీ స్కూలర్ స్కాట్లండ్ వాడు. యుద్ధంలో సబ్‌మెరైన్లలో పనిచేస్తూ ఈ తీరానికి చేరి, ఇక్కడి జట్టులో కలిశాడు. వింగ్‌లో పరిగెత్తే పీటర్ హారిస్, కెప్టెన్ రెజ్ ఫ్లూయిన్ ఇద్దరూ ఈ ఊరి పిల్లలే. ఎంతటి ఆటగాడికైనా అప్పట్లో వారానికి 12 పౌండ్లు మించి ఇవ్వకూడదని నిబంధన. డబ్బున్న క్లబ్బులు జీతం ఆశ చూపి వీళ్లను ఎగరేసుకుపోలేకపోవడానికి అదీ ఒక కారణమని నా నమ్మకం.

ఆ ఏడు ఈ మైదానంలో ఆడిన 21 లీగ్ మ్యాచ్‌ల్లో ఒక్కటీ ఓడలేదు. గెలిస్తే రెండే పాయింట్లున్న రోజుల్లో 58 పాయింట్లు, మాంచెస్టర్ యునైటెడ్ కంటే అయిదు ఎక్కువ. ఓడితే ఇంటికే అన్న పద్ధతిలో సాగే ఎఫ్‌ఏ కప్ పోటీలో డర్బీ కౌంటీ జట్టు మీద ఆడిన రోజు ఇక్కడికి 51,385 మంది వచ్చారు. ఇప్పుడు దాదాపు 21 వేల మందికే చోటుంది. ఆ జనమంతా ఎక్కడ నిలబడ్డారో ఎంత చూసినా నాకు అంతుపట్టలేదు. సెమీఫైనల్‌లో రెండో డివిజన్ జట్టు లెస్టర్ చేతిలో 3-1తో ఓడకపోతే రెండు ట్రోఫీలూ ఒకే ఏడాది వచ్చేవేమో. పెద్దాయన ఆ స్కోరు చెప్పేటప్పుడు నిన్ననే ఓడినట్టు ముఖం ముడుచుకున్నాడు.

గోల్ పడగానే స్టాండంతా లేచి గిల్డ్‌హాల్ గడియారపు గంటల బాణీలో ‘ప్లే అప్ పాంపీ’ అందుకుంది. పాంపీ అంటే ఈ జట్టు ముద్దుపేరు. నేనూ గొంతు కలిపాను. మరుసటి ఏడాది వూల్వ్స్ జట్టుతో పాయింట్లు సమానమైనా గోల్ సగటు (కొట్టిన గోల్స్‌ను ఇచ్చిన గోల్స్‌తో భాగిస్తే వచ్చేది) మీద మళ్లీ టైటిల్ వీళ్లదే. ఆ రెండో సీజన్ కథ వినిపిస్తానని పెద్దాయన స్టేషన్ దాకా నాతో నడిచాడు. చివరి రోజు ఆస్టన్ విల్లా మీద కొట్టిన అయిదు గోల్స్ దగ్గరికి వచ్చేసరికి నా రైలు రానే వచ్చింది. దాన్ని పోనిచ్చి, తర్వాతి దానికి వెళ్లాను.