బిడ్డ కోసం ఒక పెట్టె

ఈ రోజు మా గృహ అధ్యయన నివేదిక, అంటే దత్తతకు మా ఇల్లు, కుటుంబం అనువైనవో కాదో చూసి రాసే నివేదిక, చేతికొచ్చింది. వేరే దేశంలో పుట్టిన బిడ్డను దత్తత తీసుకోవాలనుకున్నప్పటి నుంచి పోలీసు ధ్రువపత్రం, వైద్య నివేదికలు, నోటరీ, అనువాదాలు... అవన్నీ ఓపికతో పూర్తయ్యే పనులే.

నన్ను కదిలించింది దత్తత తల్లిదండ్రుల సహాయక బృందం. ఇంటికి వచ్చిన కొత్తలో తన పాప అసలు ఏడ్చేదే కాదని ఒక తల్లి చెప్పారు. ఏడ్చినా ఎవరూ రారని అలవాటుపడిపోయిందట. మొదటిసారి గట్టిగా ఏడ్చి పిలిచిన రాత్రి, ఆమె పాపను ఎత్తుకుని తానూ ఏడ్చారట. అది విన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎన్ని శిక్షణ పాఠాలు చదివినా ఇంత స్పష్టంగా అర్థం కాలేదు.

దేశాల మధ్య జరిగే దత్తతపై 1993 నాటి హేగ్ ఒప్పందంలోని 30వ అధికరణం, బిడ్డ పుట్టుపూర్వోత్తరాలు, కన్నవారి వివరాలు, వైద్య చరిత్రను అధికారులు భద్రపరచాలంటుంది. చదువుతుంటే, మా బిడ్డ ఏదో ఒకనాడు అడగబోయే ప్రశ్న ముందే వినిపించినట్లయింది. అందుకే దొరికిన ప్రతి కాగితం నకలునూ ఒక పెట్టెలో దాస్తున్నాం. బిడ్డ విన్న భాషలో ఒక జోలపాట కూడా నేర్చుకుంటున్నాను.

ఈ దారిలో నడిచినవారు ఉంటే దయచేసి రాయండి. మొదటి వారం మీ బిడ్డ ఎలా నిద్రపోయింది? మీరు పక్కనే పడుకున్నారా?