సాక్సులు ఎలా వేసుకోవాలో ముందే అడగండి

వెన్ను ఆపరేషన్ అయి పద్నాలుగు నెలలైంది. చూసినవాళ్లంతా "అబ్బ, ఎంత నిటారుగా అయ్యారో" అంటున్నారు, నేనూ నవ్వేస్తున్నాను గానీ, కింద పడ్డ పెన్ను తీసుకోవాలంటే ఏదో ఒకటి పట్టుకుని మోకాళ్లు మడుచుకుంటూ దిగాలని వాళ్లకేం తెలుసు.

చిన్నప్పటి నుంచి నా వెన్ను పక్కకు కాస్త వంకర. యాభై దాటేదాకా దాని ఊసే పట్టలేదు. తర్వాత మొదలైంది అసలు గొడవ, ముందుకు వాలిపోవడం. పొద్దున బాగానే లేచేదాన్ని, పది నిమిషాలు నిలబడితే చాలు నడుము మెల్లగా ముందుకు ఒరిగేది, తొడలు మండిపోయేవి. షాపులో ట్రాలీ మీద వాలి నడిస్తే మాత్రం ప్రాణం లేచొచ్చేది.

ఎంఆర్ఐలో నరాలు నొక్కుకుపోవడం కనిపించింది, వాలు కనిపించలేదు. పడుకోబెట్టి తీస్తారు కదా, ఎలా కనిపిస్తుంది? మూడో డాక్టరు నన్ను నిలబెట్టి, పక్క నుంచి మెడ మొదలు తొడల దాకా ఎక్స్‌రే తీయించారు. మెడలోని ఏడో పూస నుంచి, మేస్త్రీ గోడకు గుండు వదిలినట్టు, నిలువుగా గీత గీశారు. అది నడుము అడుగున త్రికాస్థి వెనక మూలకు 5 సెంటీమీటర్లలోపు పడాలట. నాది 13 సెంటీమీటర్లు ముందుకు పడింది. పక్క వంకర 38 డిగ్రీలుంటే ఆయన దాన్ని ఒకసారి చూసి వదిలేశారు! పెద్దవాళ్ల బాధకు ఎక్కువ సంబంధం ఈ ముందువాలుతోనేనట. పడిపోకుండా ఉండటానికి ఒళ్లు కటిని, అంటే తుంటి ఎముకల గూడును, వెనక్కి తిప్పుకుని, మోకాళ్లు వంచుకుని నానా తంటాలు పడుతుంది, నా తొడల మంట అదే.

కటి ఎముకలో ఒక కోణం ఉంటుంది, పెద్దయ్యాక అది మారదు. నడుములో లోవంపు ఎంత ఉండాలో దాన్ని బట్టే లెక్క, రెండింటికీ తేడా 10 డిగ్రీలు దాటకూడదంటారు. నాకు ఆ కోణం 56 డిగ్రీలైతే లోవంపు 22 ఉంది. అలాగని మొత్తం సరిచేసేయరు, వయసు పెరిగేకొద్దీ కొంత వాలు ఉంచేస్తారు, అతిగా నిలబెడితే వెన్నుకు బిగించిన రాడ్లు ఆగిన చోట పైపూసలు కుంగిపోవచ్చు. 1960ల్లో హారింగ్టన్ అనే డాక్టరు రూపొందించిన లోహపు రాడ్లతో వెన్నును సాగదీసినప్పుడు కొందరికి వంకర తగ్గింది గానీ నడుము లోవంపు కూడా చదునైపోయి, ఏళ్లు గడిచాక వాళ్లు ముందుకు వాలిపోయారు. ఎదురుగా చూసి తిన్నగా ఉందనుకుంటే సరిపోదన్నమాట.

నా ఎముకలు బోలుగా ఉన్నాయని ఆపరేషన్ కొన్ని నెలలు వాయిదా వేసి, ఎముక గట్టిపడటానికి రోజూ టెరిపారటైడ్ అనే మందు ఇంజెక్షన్ ఇచ్చారు. అప్పుడు విసుక్కున్నాను, మెత్తటి ఎముకలో స్క్రూ నిలవదని తర్వాత తెలిసింది. ఆపరేషన్ తొమ్మిది గంటలు పట్టింది. ఒక పూసలో వెనక నుంచి V ఆకారంలో ఎముక కోసేసి, ఆ సందు మూస్తే ఒక్కచోటే 30 డిగ్రీల దాకా వంపు వస్తుంది. మిగతాదంతా ఛాతీ కింది పూసల నుంచి కటి దాకా స్క్రూలు, రాడ్లు. ఎడమ పాదం మూడు నెలలు సరిగా లేవలేదు. ఆ టెన్షన్ గురించి రాయాలని లేదు.

వీటన్నిటి గురించీ ముందే అడిగాను. నరాలు, రక్తం, ఇన్ఫెక్షన్, ఎముక అతుక్కోకపోతే రాడ్డు విరగడం, అన్నీ. అడగనిది ఒక్కటే, కటి దాకా బిగించేశాక సాక్సులు ఎలా వేసుకోవాలి, కాలిగోళ్లు ఎవరు తీస్తారు, బాత్రూంలో శుభ్రం చేసుకోవడానికి చెయ్యి అందుతుందా? నడుము వంగదు, తుంటి ఎంత వంగితే అంతే. పొడుగు పిడి ఉన్న పరికరంతో సాక్సు తొడుక్కోవడానికి మొదట్లో ఇరవై నిమిషాలు పట్టేది, ఒక రోజు ఏడ్చేశాను కూడా.

ముందే తెలిస్తే వద్దనేదాన్నా? అననేమో, ఇప్పుడు అరగంట నిలబడి ఎదుటి మనిషి మొహం చూస్తూ మాట్లాడగలుగుతున్నాను. కానీ ఆ పరికరం నెల ముందే తెచ్చుకుని సాధన చేసేదాన్ని.

మొన్నటి ఎక్స్‌రేలో రాడ్ల పై చివర పూస 6 డిగ్రీలు ముందుకు వంగిందట. ప్రస్తుతానికి చూద్దాం అన్నారు, ఆరు నెలలకు మళ్లీ తీయించుకోవాలి.