చాయ్ జల్లెడ నుంచి మెంబ్రేన్ దాకా: నా అనుభవం

నిన్న సాయంత్రం నా ఫ్లో బ్యాటరీ సెల్ వందో ఛార్జ్-డిశ్చార్జ్ సైకిల్ దాటింది. ఆ సంతోషం, అంతకంటే ఎక్కువగా ఆ మంట చల్లారకముందే రాసేస్తున్నా. హైదరాబాద్‌లో, అదీ వానాకాలంలో, పోరస్ పాలిమర్‌తో మెంబ్రేన్ (కొన్నిటినే దాటనిచ్చే పల్చటి పొర) చేద్దామని దిగేవాళ్ళు ముందు ఇది చదవండి.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఫ్లో బ్యాటరీలో మెంబ్రేన్‌కి చెరో పక్క ఒక ద్రావణం తిరుగుతుంటుంది. పొటాషియం అయాన్ అటూ ఇటూ దాటాలి, లేకపోతే కరెంటు నడవదు. ఒక పక్క ద్రావణంలో ఛార్జ్ దాచుకునే ఫెర్రోసయనైడ్ మాత్రం దాటకూడదు. బజార్లో దొరికే నాఫియాన్ మెంబ్రేన్ ఉంది గానీ దాని రేటు చూస్తే మా పర్చేజ్ సెక్షన్‌లో ఫైలు కదలదు. అందుకని 2004లో మాంచెస్టర్‌లో బడ్, మెక్‌కీన్ బయటపెట్టిన పిఐఎం-1 అనే పాలిమర్ పట్టుకున్నాం. దాని గొలుసు మధ్యమధ్యలో మెలిక తిరిగి ఉంటుంది కాబట్టి పక్కదానితో సర్దుకుని పడుకోలేదు. ఆ సర్దుకోని సందులే మనకి కావాల్సిన రంధ్రాలు.

పాలిమర్ చెయ్యడం తేలికే. డీఎంఎఫ్ అనే ద్రావకంలో ముడిసరుకుతో పాటు పొటాషియం కార్బొనేట్ వేసి 65 డిగ్రీల దగ్గర మూడు రోజులు తిప్పితే పసుప్పచ్చ పొడి వచ్చింది. హైడ్రాక్సిలమీన్‌తో ఆ పాలిమర్ గొలుసు మీదుండే నైట్రైల్ గ్రూపుని అమిడాక్సిమ్ అనే గ్రూపుగా మార్చడం కూడా మొదటిసారికే అయిపోయింది, ఐఆర్ స్పెక్ట్రమ్‌లో 2240 దగ్గరుండే నైట్రైల్ గీత మాయం. గాఢమైన క్షారంలో ఈ అమిడాక్సిమ్‌కి రుణావేశం వస్తుంది, అలా ఫెర్రోసయనైడ్‌ని తోసేస్తుంది. ఇంతవరకూ నేను హీరోనే.

అసలు నరకం ఫిల్మ్ పొయ్యడంలో మొదలైంది.

అమిడాక్సిమ్ పెట్టాక పాలిమర్ క్లోరోఫామ్‌లో కరగదు, డీఎంఎస్‌ఓ అనే ద్రావకం కావాలి. కరిగించి గాజు పెట్రీ ప్లేట్‌లో పోసి, మూత కొంచెం తెరిచి, ఓవెన్లో పెట్టి రెండు రోజులకి తీస్తే చక్కటి ఫిల్మ్ వచ్చింది. కొంచెం మసకగా ఉంది, అంతే కదా అనుకున్నా. జూలైలో గ్రూప్ మీటింగ్. బయటి నుంచి ఒక ప్రొఫెసర్ వచ్చారు, జూనియర్లు ఆరుగురు, మా సార్. అందరి ముందూ హెచ్-సెల్‌లో (మధ్యలో ఫిల్మ్ బిగించే రెండు గదుల గాజు పాత్ర) నా ఫిల్మ్ బిగించి ఒక పక్క ఫెర్రిసయనైడ్ (ఫెర్రోసయనైడ్‌కి జోడీ, రంగు పసుపు), రెండో పక్క ఉప్పునీళ్ళు పోశా. ఇక నేను మాట్లాడుతున్నా, స్లైడ్లు తిప్పుతున్నా, ఎవరూ స్లైడ్లు చూడట్లేదు. వెనక్కి తిరిగితే ఉప్పునీళ్ళ వైపు ఫిల్మ్ మధ్యలోంచి సన్నటి పసుపు దారం కిందికి జారుతోంది. చూస్తుండగానే ఇంకోటి. ఐదు నిమిషాల్లో అడుగంతా పసుపు. సార్ నవ్వలేదు, అదే ఎక్కువ బాధ. "ఇది మెంబ్రేన్ కాదమ్మా, చాయ్ జల్లెడ" అన్నారు. జూనియర్లు మాత్రం నవ్వారు, ఆ పేరు ఇప్పటికీ వాడుతున్నారు.

నేను చేసిన తెలివితక్కువ పని ఏంటంటే పాలిమర్‌ని అనుమానించడం. మళ్ళీ చేశా, మళ్ళీ చేశా, అణువు నిర్మాణం చూసే ఎన్ఎంఆర్ మెషిన్ స్లాట్ల కోసం కుర్రాళ్ళని బతిమాలా, పొడికి రంధ్రాల లెక్క చెప్పే బీఈటీ పరీక్ష కూడా తీయించా, అన్నీ బాగానే ఉన్నాయి. పొడి మంచిది, ఫిల్మ్ చెడ్డది. నెలన్నర అలా పోయింది.

ఒక రాత్రి అమ్మతో ఫోన్లో ఏడుపుగొంతుతో చెప్తే, "ముసురులో వడియాలు పెట్టి, ఎండలేదని పిండిని తిడతావేంటే?" అంది. మర్నాడు హైగ్రోమీటర్ పెట్టి చూస్తే ల్యాబ్‌లో తేమ 84 శాతం. డీఎంఎస్‌ఓ గాలిలో తేమని పీల్చుకుంటుంది, మా పాలిమర్‌కి నీళ్ళు పడవు, అందుకే ఫిల్మ్ ఆరేలోపే లోపల పాలలా విరిగిపోతోంది. ఆ మసక అదే. మన చిన్న రంధ్రాల మధ్య మైక్రాన్ల సైజు బొక్కలు. పేపర్లలో మాత్రం "ద్రావణాన్ని నెమ్మదిగా ఆరబెట్టితిమి" అని ఒక్క వాక్యం రాసి పోతారు. ఆ వాక్యం రాసినవాళ్ళ ఊళ్ళో వాన పడదేమో.

ఇంకో సంగతి స్క్రూగేజ్ పెట్టాక తెలిసింది: ఒక అంచు 60 మైక్రాన్లు, ఎదుటి అంచు 20. ఓవెన్ అరే వంకర. రసమట్టం కావాలని ఆఫీసుకి ఇండెంట్ (కొనుగోలు అర్జీ) పెడితే మూడు కొటేషన్లు తెమ్మన్నారు, రసమట్టానికి! రాణిగంజ్ బజారుకి వెళ్ళి నా డబ్బుతో కొనుక్కున్నా, పనిలో పనిగా సెల్‌కి గాస్కెట్లు కూడా. మీరూ అదే చెయ్యండి, ఆఫీసు కోసం ఆగితే పీహెచ్‌డీ కూడా ఆగుతుంది.

చివరికి కుదిరిన పద్ధతి ఇది: కొత్తగా సీలు తీసిన డీఎంఎస్‌ఓ, సిరంజి ఫిల్టర్, రసమట్టంతో సరిచేసిన అర, ఓవెన్లోకి సన్నగా పొడి నైట్రోజన్. ఆరాక ఫిల్మ్‌ని మెథనాల్‌లో నానబెట్టాలి, లేకపోతే డీఎంఎస్‌ఓ లోపలే దాక్కుని ఉంటుంది. సెప్టెంబర్‌లో వచ్చిన ఫిల్మ్ కింద పెడితే న్యూస్‌పేపర్లో చిన్నక్షరాలు కూడా చదవగలిగా. హెచ్-సెల్‌లో నాలుగు రోజులున్నా కంటికి రంగు కనపడలేదు, స్పెక్ట్రోమీటర్లో ఫెర్రిసయనైడ్ కనపడే 420 నానోమీటర్ల దగ్గర చిన్న బొడిపె తప్ప. మా ల్యాబ్‌లో ఇంత మంచి ఫిల్మ్ ఇంతకుముందు ఎవరూ పొయ్యలేదు, గొప్పలనుకున్నా సరే.

ఇప్పుడు అదే ఫిల్మ్ అసలు సెల్‌లో ఉంది, ఒక పక్క ఫెర్రోసయనైడ్, రెండో పక్క ఛార్జ్ దాచుకునే ఇంకో పదార్థం, ఎర్రటి ఆంత్రాక్వినోన్. నిన్న సార్ వచ్చి స్క్రీన్ చూసి, "బావుంది, ఇలాంటివే ఇంకో నాలుగు పొయ్యి, ఐదూ ఒకేలా రావాలి" అని వెళ్ళిపోయారు. ఎల్లుండి నుంచి మళ్ళీ అల్పపీడనం అట. ఇవాళ రాత్రికే రెండు ప్లేట్లు పోసేస్తున్నా.