‘డాన్స్ ఆఫ్ మాయ’తో ఎనిమిది వారాలు

మొదటి వారం
గిటారిస్ట్ జాన్ మెక్‌లాఫ్లిన్ వేగం చూసి మోజుపడే ఈ సాధన మొదలుపెట్టాను, దాచడం దేనికి. ఆయన బృందం మహావిష్ణు ఆర్కెస్ట్రా తొలి ఆల్బం ‘ది ఇన్నర్ మౌంటింగ్ ఫ్లేమ్’ (1971)లోని ‘ద డాన్స్ ఆఫ్ మాయ’ ఎంచుకున్నాను. సోలో జోలికి పోను. మొదట వచ్చే ఆర్పెజియో (తీగల స్వరాలను ఒక్కొక్కటిగా మీటడం), తర్వాతి బ్లూస్ రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న పలుకు), అంతే. రోజుకు 40 నిమిషాలు.

ఆర్పెజియో పది అక్షరాల లెక్క. పది అనగానే ఐదక్షరాల ఖండచాపు తాళం రెండుసార్లు అనుకుని ఐదూ ఐదూగా వాయించాను. స్వరాలన్నీ సరిగ్గానే పడుతున్నాయి, ఊపు మాత్రం రాలేదు. నాలుగు రోజులు గంగపాలు.

రెండో వారం
గిటార్ పక్కన పెట్టి, రికార్డింగ్‌ను సగం వేగానికి తగ్గించి విన్నాను. విరుపు 3+3+4. అంటే తకిట తకిట తకధిమి! నడుస్తూ అక్షరానికో అడుగు వేశాను. మొదటి తకిట ఎడమ కాలితో మొదలైతే రెండోది కుడి కాలితో, తకధిమి మళ్లీ ఎడమతో. అది ఒంటికి పట్టాక వేళ్లకు చెప్పాల్సిన పని పెద్దగా మిగల్లేదు.

మెక్‌లాఫ్లిన్‌దీ ఇదే దారి. నోటితో జతులు చెప్పే కొన్నక్కోల్ నేర్పుతూ, కంజీర కళాకారుడు సెల్వగణేష్‌తో కలిసి 2007లో ‘ది గేట్‌వే టు రిథమ్’ అనే డీవీడీ తెచ్చారు.

మూడు, నాలుగు వారాలు
లయ కొట్టే మెట్రోనోమ్‌లో అక్షరానికో క్లిక్, నిమిషానికి 120తో మొదలు. వరసగా మూడుసార్లు తప్పు లేకుండా వస్తేనే 4 పెంచడం, తప్పితే 8 తగ్గించడం. పిక్ (తీగ మీటే బిళ్ల) కిందికీ పైకీ మార్చి మార్చి. నాకు తెగ విసుగొచ్చింది.

విసుగు పుట్టినప్పుడల్లా ఆయన మిగతా సంగీతం విన్నాను. యార్క్‌షైర్‌లోని డాన్‌కాస్టర్‌లో 1942లో పుట్టిన మనిషి, 1969లో డ్రమ్మర్ టోనీ విలియమ్స్ పిలుపుతో న్యూయార్క్ వచ్చి, ఆ ఫిబ్రవరి 18నే జాజ్ ట్రంపెట్ కళాకారుడు మైల్స్ డేవిస్ ‘ఇన్ ఎ సైలెంట్ వే’ రికార్డింగ్‌లో కూర్చున్నారు. మహావిష్ణు మొదటి బృందం 1973 చివర్లో విడిపోయింది. తర్వాత ఎల్.శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, వినాయక్‌రామ్ ఘటంతో శక్తి అనే బృందం. చెవులు దద్దరిల్లే ఎలక్ట్రిక్ గిటార్ నుంచి అకూస్టిక్‌కు పిల్లిమొగ్గ వేశారంటారు గానీ, లెక్క వేసుకుంటూ వింటే నాకదంతా ఒకే ధారగా వినిపిస్తోంది. తర్వాత దాని కొత్త రూపమైన రిమెంబర్ శక్తిలో మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ పక్కన ఆయన వాయించినదీ అదే ధార.

ఐదో వారం
దారి తప్పాను. గమకం మీద ఆశ పుట్టింది. శక్తి కోసం ఏబ్ వెక్టర్ చేసిన గిటార్‌లో ఫ్రెట్ల (మెట్ల) మధ్య చెక్కను లోపలికి తొలిచారు. వేలికి చెక్క తగలదు కాబట్టి తీగను తేలిగ్గా లాగొచ్చు. దానికి ఏడు అనునాద తీగలు కూడా. నా మామూలు గిటార్‌కు పదో నంబరు తీగలు తీసి, ఇంకా సన్నటి తొమ్మిదో నంబరువి వేశాను. రెండో రోజే మొదటి తీగ తెగింది, అదీ బ్రిడ్జి (కింద తీగలు ఆనే చోటు) దగ్గర. అక్కడ లోహం అంచు గరుకుగా ఉంది. సన్నటి గరుకు కాగితంతో నునుపు చేశాక మళ్లీ తెగలేదు.

ఎనిమిదో వారం
ఆర్పెజియో 176 దగ్గర శుభ్రంగా వస్తోంది. బ్లూస్ రిఫ్ ఆవర్తనం ఇరవై అక్షరాలు, అంటే ఆర్పెజియో రెండుసార్లు. పాట చివర్లో ఆ రెండూ ఒకదానిమీద ఒకటి వచ్చి కూర్చునేది అందుకే. ఆర్పెజియోను ఫోన్‌లో రికార్డు చేసుకుని, దాని మీద రిఫ్ వాయిస్తున్నాను, 140లో. ప్రతిసారీ పదకొండో అక్షరం దగ్గరే తప్పుతోంది. అక్కడ ఆర్పెజియోకు సమం (ఆవర్తనం మొదటి దెబ్బ) ఉంది, రిఫ్‌కు లేదు. కాలు టక్కున తడుతుంది, చెయ్యి దాని వెంట పోతుంది. వచ్చే వారం కాలు కట్టేసుకుని, ఇరవైకి ఒక్క క్లిక్ పెట్టి చూడాలి.