గార పంచరు షాపు, మణికట్టు సీలు

శ్రీకాకుళం రోడ్ అన్న బోర్డు చూసి దిగితే, దిగేది ఆమదాలవలసలో. అది అందరికీ తెలిసిందే. కానీ సంక్రాంతి ముందు ఊళ్లోకి ఆటో రేటు ఎంత చెబుతారో ఎవరికీ తెలీదు. బ్యాగు పెద్దదని ఈసారి మనిషికీ సామానుకీ వేరువేరుగా అడిగారు, ఇచ్చాను. బ్యాగులో ఉన్నది డ్రైసూట్, అంటే చల్లటి నీళ్లలో ఒళ్లు తడవకుండా వేసుకునే సూటు. స్లీవులోకి నీళ్లు రాకుండా ఎడమ మణికట్టుని బిగువుగా పట్టుకునే లేటెక్స్ (పల్చటి రబ్బరు) పట్టీ, అదే సీలు, అంచున చీలింది. చలి దేశం పనికి తిరిగి వెళ్లేలోగా మార్చాలి.

కాంప్లెక్సులో కళింగపట్నం బస్సు ఎక్కగానే బ్యాగు ఇంజను బానెట్ మీద పెట్టమన్నారు. పెట్టలేదు. వేడి, నూనె, ఎండ, ఈ మూడూ లేటెక్స్ సీలుని తినేస్తాయి. జిగురుగా అంటుకోవడమో, సాగదీస్తే సన్నటి పగుళ్లు కనబడటమో మొదలైతే దాని పని అయిపోయినట్టే. సూది బెజ్జమైతే లేటెక్స్ ముక్క అతికించి కొన్నాళ్లు లాగొచ్చు. అంచున చీలితే అతుకు నిలవదు. చెయ్యి దూర్చే ప్రతిసారీ లాగుడంతా ఆ చీలిక కొసమీదే పడుతుంది.

గార దగ్గర ఏదో రిపేరని బస్సు ముప్పావు గంట ఆగిపోయింది. దిగి ఎదురుగా ఉన్న పంచరు షాపు బల్ల మీద కూర్చున్నాను. ఆ ప్రయాణంలో నాకు పనికొచ్చినది ఆ ముప్పావు గంటే. పెద్దాయన సైకిలు ట్యూబుని గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పల్చగా రాసి, పక్కన పెట్టేసి బీడీ ముట్టించాడు. సైకిలు కుర్రాడు తొందరపడ్డాడు.

"ఏటి బాబూ, తడి మీదే ఎట్టేస్తే ఎలాగ? ఆరనీ" అన్నాడు. కాసేపటికి వేలి వెనకవైపు దానికి తాకించి చూశాడు. తీగ సాగలేదు. అప్పుడు అతుకు వేసి సుత్తి పిడితో నొక్కాడు. సీలు మార్చడంలో కష్టమంతా ఆ ఆరబెట్టడంలోనే ఉంది, అందులోనూ సముద్రం గాలికి.

నా సీలు సంగతి చెబితే సీసాలోంచి పెట్రోలు పోసి తుడుచుకోమన్నాడు. ట్యూబుకి పర్వాలేదు గానీ, లేటెక్స్ పెట్రోలుకి ఉబ్బిపోతుంది. మందుల షాపులో సర్జికల్ స్పిరిట్ కూడా చూసి తీసుకోవాలి. కొన్ని రకాల్లో ఆముదం కలుస్తుంది, ఆ నూనె పొర మీద ఏ బంకా పట్టదు. ఒట్టి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అడగాలి.

కొత్త సీలు నాతోనే తెచ్చుకున్నాను. బంకలో మండే ద్రావకం ఉంటుంది కాబట్టి విమానంలో రానివ్వరు. అందుకని శ్రీకాకుళంలో చెప్పుల సామాను అమ్మే చోట నియోప్రీన్ బంక కొన్నాను. గట్టిపరిచే మందు విడిగా కలిపే రెండు డబ్బాల రకం దొరికితే అదే మేలు, ఎండ వేడికి తొందరగా లేవదు.

కళింగపట్నంలో ఉదయం ఎనిమిదింటికి కూడా లైట్‌హౌస్ మంచులో సగమే కనబడుతోంది. ఆ వేళ బంక జోలికి పోకూడదు. ద్రావకం ఆవిరవుతూ పైపొరని చల్లబరుస్తుంది, గాలిలో తేమ దాని మీద వాలి తెల్లటి మసక కడుతుంది. ఆ మసక మీద అతికిస్తే రెండు రోజులు బాగానే ఉండి, మూడో రోజు పొరలా ఊడి వచ్చేస్తుంది. పొద్దున్నంతా పాత సీలు తీసే పని పెట్టుకున్నాను.

తీసేముందు పాత అంచు ఎక్కడిదాకా ఉందో, సీలు బట్టకి ఏ వైపున ఉందో స్లీవు మీద పెన్నుతో గీసుకోవాలి. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తూ నెమ్మదిగా లాగితే వస్తుంది, కత్తి పెడితే బట్ట తెగుతుంది. గట్టిగా పట్టి ఉన్న పాత బంక పల్చటి పొరని వదిలేయొచ్చు, ఉండలు మాత్రం ఉండకూడదు. లోపల బిగువుగా ఒక గొట్టం కావాలి. నా స్లీవు చుట్టుకొలత 28 సెంటీమీటర్లు, 90 ఎం.ఎం. పీవీసీ పైపు ముక్క సరిగ్గా సరిపోయింది. పైపు అంచులు నున్నగా రాయాలి, లేకపోతే కొత్త సీలు అక్కడే గీసుకుపోతుంది.

పదకొండున్నరకి ఎండ ఎక్కాక మొదలుపెట్టాను. సీలు వెడల్పు అంచు బట్ట మీదికి రెండున్నర సెంటీమీటర్లు ఎక్కేలా గుర్తు పెట్టి, ఆ పట్టీని గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, ఆల్కహాల్‌తో తుడిచాను. సీలు అంచు వెనక్కి మడిచి అటు సీలుకీ ఇటు బట్టకీ పల్చగా బంక రాశాను. మొదటి పూత బట్టలోకి ఇంకిపోతుంది. ఇరవై నిమిషాలాగి రెండోది. మందంగా ఒకేసారి రాస్తే పైన ఆరి లోపల పచ్చిగా ఉండిపోతుంది. వేలి వెనకవైపు తాకిస్తే అంటీ అంటనట్టుండాలి, తీగ సాగకూడదు. గారలో ఆయన చూసినట్టే చూశాను. తర్వాత డ్రయ్యర్‌తో కొద్దిగా వేడి చూపించి, మడతని వేలెడు వేలెడు చొప్పున విప్పుతూ వాల్చాను. ఒకసారి తగిలాక లాగి సరిచేయడానికుండదు. ముడత పడితే ఆ ముడతే నీళ్లకి కాలువ. స్టీలు గరిటె వెనక భాగంతో మధ్యలోంచి అంచులకి గట్టిగా నొక్కి, ఒక రోజంతా కదపకుండా వదిలేశాను.

మర్నాడు సీలుని పైపు మీదే ఉంచి, నా మణికట్టుకి సరిపోయేదాకా కొన మీదున్న గుండ్రటి గీతల వెంట ఒక్కొక్కటే కత్తిరించుకుంటూ వచ్చాను. కత్తెర ఆపకుండా తిప్పాలి. ఆపి మళ్లీ మొదలుపెట్టిన చోట గాటు పడుతుంది, రేపటి చీలిక అక్కడే మొదలు.

పరీక్ష నడవాలో చేశాం. మెడ సీలులోకి స్టీలు చెంబు, ఒక చేతిలోకి సీసా దూర్చి, బయటికి గాలి వదిలే వాల్వు బిగించి, జిప్పు మూసి, రెండో స్లీవు తెరిచి ఊపి గాలి నింపి అక్కడా సీసా పెట్టాం. సబ్బునీళ్లు రాస్తే మణికట్టు చుట్టూ ఒక్క బుడగా రాలేదు. జిప్పు చివర మాత్రం చిన్నగా, ఆగి ఆగి ఒకటి ఉబ్బుతోంది. పళ్ల మధ్య మైనం అరిగిపోయింది. అమ్మ దేవుడి గదిలోంచి కొవ్వొత్తి తెచ్చి ఇచ్చింది.